చేతి స్విచ్చి

మాది ఉప్పలగుప్తం దగ్గర మోటారు వైండింగ్ షాపు. కాలవ గట్టున రేకుల షెడ్డు, ముందు రెండు బల్లలు, లోపల రాగి తీగ చుట్టలు, ఎప్పుడూ వార్నిష్ వాసన. మా నాన్నగారు పెట్టిన షాపు అది. పదో తరగతి సెలవుల్లో ఊసుపోక ఒక కాలిపోయిన మోటారు విప్పాను. ముప్పయ్యేళ్ళు కావస్తోంది, ఇంకా విప్పుతూనే ఉన్నాను. మొదట్లో రైతులు షాపు ముందు బండి ఆపి "నాన్నగారు లేరా అమ్మా?" అని అడిగేవారు. ఇప్పుడు నాన్నగారు బల్ల మీద కూర్చుని పేపరు చదువుతున్నా సరే, ఆయన్ని దాటుకుని లోపలికొచ్చి నన్నే పిలుస్తారు. దానికి ఆయన మురిసిపోతారు తప్ప నొచ్చుకోరు.

మా చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఎక్కువ. రొయ్యకి మేత ఒక పూట ఆలస్యమైనా ఓర్చుకుంటుంది గానీ గాలి అందకపోతే ఓర్చుకోదు. అందుకే ప్రతి చెరువులోనూ ఏరేటర్లు పెడతారు. నీళ్ళ మీద తేలుతూ, చక్రాలు తిప్పుతూ, నీటిని చిలికి గాలి పట్టించే యంత్రాలవి. మబ్బు పట్టిన రోజున అవి ఆగిపోయాయంటే చాలు, చూస్తుండగానే రొయ్య పైకి తేలి, గట్టు అంచుకి చేరుతుంది. ఆ తరవాత చేసేదేమీ ఉండదు. ఏరేటరు మోటారు కాలిందని ఎవరైనా వస్తే మేం అన్నం ముందునుంచి లేచి వెళ్ళడం అందుకే.

కొన్నేళ్ళ కిందట ఒక కంపెనీ మేనేజరు మా షాపుకి వచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, మాట మెత్తన, తెచ్చిన పెట్టెని బల్ల మీద పెట్టే ముందు తన రుమాలుతో బల్ల తుడిచిన మనిషి. ఆ పెట్టెలో ఒక సిమ్ము ఉంటుంది. దాన్ని ఏరేటర్ల ప్యానెల్‌కి బిగిస్తే, రైతు ఇంట్లో కూర్చునే ఫోనులో మోటార్లు వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు. చెరువు దగ్గర కరెంటు పోతే ఫోను మోగుతుంది. నాకు ఆ పెట్టె చూడగానే నచ్చింది. ఇప్పటికీ నచ్చుతుంది, ఆ సంగతి దాచను. రోజుకి నాలుగుసార్లు బురద గట్టు మీద నడిచే మనిషికి అది ఎంత హాయో నాకు తెలుసు.

"మొదటి ఏడాది రైతుకి ఉచితమేనండి," అన్నారాయన. "బిగించినందుకు మీకు మేమే ఇస్తాం."

నాన్నగారు పేపరు దించారు. "ఉచితంగా ఇస్తే మీ కంపెనీ ఎలా బతుకుద్దండి?"

ఆయన నవ్వారు. "ముందు అలవాటవ్వాలి కదండి పెద్దాయనా. అలవాటయ్యేక సేవలు అమ్ముకుంటాం."

దాచకుండా చెప్పారు కదా అని నాకు ఆయన మీద గౌరవం కూడా కలిగింది. ఒక్కటే షరతు. ప్యానెల్ మీద ఉన్న పాత స్టార్టరు, అంటే పచ్చ బొత్తాం ఎర్ర బొత్తాం ఉండే చేతి స్విచ్చి, తీసేయాలి. పెట్టె మీద దాని బొత్తాం దానికుంది, పాత స్విచ్చి కూడా ఉంటే పెట్టె లెక్క తప్పుతుందట. నేను ఆ మాట నమ్మి సంతకం పెట్టాను. ఆ ఏడాది మా మండలంలో అరవై పైచిలుకు పెట్టెలు నా చేత్తోనే బిగించాను. పీకిన పాత స్టార్టర్లు షాపు వెనక గుట్టగా పడేశాను. గర్వంగానే చేశాను ఆ పని.

రెండో ఏడాది నుంచి డబ్బు కట్టమన్నారు. అది న్యాయమే. కట్టనివాళ్ళకి మొదట ఫోనులో పటాలు, లెక్కలు కనిపించడం మానేశాయి. ఎవరూ పట్టించుకోలేదు. తరవాత ఎప్పుడో, ఎవరికీ చెప్పకుండా, పెట్టె లోపలి ప్రోగ్రామును దూరం నుంచే మార్చేశారు. అప్పట్నుంచి గడువు దాటితే పెట్టె మీదున్న బొత్తాం నొక్కినా మోటారు తిరగదు. ఈ సంగతి మాకు తెలిసింది ఒక వానాకాలం మధ్యాహ్నం.

మూడు రోజులుగా సూర్యుడి జాడ లేదు. నేను షాపులో కాయిలు చుడుతుంటే పిన్నిగారు ఫోను చేశారు. పిన్నిగారంటే మాకు చుట్టం కాదు. వరసకి అలా పిలుస్తాను. అరవై దాటిన మనిషి, రెండు చెరువులు సొంతంగా చేసుకుంటారు, మేత కూడా తనే తూకం వేసి చల్లిస్తారు. ఆవిడ దగ్గరున్నది నొక్కే బొత్తాల ఫోను. పెట్టె తాలూకు యాప్ కాకినాడలో ఉద్యోగం చేసే అల్లుడి ఫోనులో ఉంది. గడువు అయిపోయిందన్న కబురు అతనికి వచ్చింది, ప్రకటనేమో అనుకుని చెరిపేశాడు.

"అమ్మాయ్, ఏరేటర్లు తిరగట్లేదే. బొత్తాం ఎంత నొక్కినా పెట్టె ఎర్ర లైటేసి కూర్చుంది. రొయ్య అంచుకొచ్చేసింది. గమ్మున రా తల్లీ."

బయలుదేరుతూ ఎందుకో వెనక్కి వెళ్ళి గుట్టలోంచి ఒక పాత స్టార్టరు లాగి స్కూటీ ముందు పెట్టుకున్నాను. చెరువు దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళ అంచున రొయ్యలు మీసాలు పైకి పెట్టి కదులుతున్నాయి. పెట్టె మూత మీద ఒక వెండి రంగు సీలు, తీస్తే వారంటీ పోతుందన్న రాత. ఆ సీళ్ళన్నీ అంటించింది నేనే. తీయనని సంతకం పెట్టిందీ నేనే. ఒక్క క్షణం చెయ్యి ఆగింది.

"చూస్తావేంటే? తియ్యి!" అని అరిచారు పిన్నిగారు.

మెయిన్ దించాను, సీలు చింపాను, పెట్టెని పక్కకి తప్పించి పాత స్టార్టరుకి వైర్లు కలిపాను. వాన చినుకులకి స్క్రూలు జారుతున్నాయి. పిన్నిగారు నా నెత్తిన మేత సంచీ పట్టా పట్టుకుని నిలబడ్డారు. మెయిన్ ఎక్కించి పచ్చ బొత్తాం నొక్కాను. మొదటి చక్రం కదిలింది, తరవాత రెండోది, ఆ వెనక మిగతావన్నీ. నీళ్ళు తెల్లగా లేచాయి. గంటకల్లా అంచున రొయ్య లేదు, అన్నీ అడుక్కి దిగిపోయాయి. పిన్నిగారు గట్టు మీదే చతికిలబడి, కాళ్ళు బురదలో చాపుకుని, "బతికేం బాబూ" అన్నారు.

మూడో రోజు మేనేజరుగారు ఫోను చేశారు. పెట్టె తెరిచినట్టు దాని లోపలి మీట వాళ్ళకి కబురు పంపిందట.

"మేడమ్, మీరు సీలు తీయకూడదండి. అది మా సెక్యూరిటీ పాలసీ."

"ఎవరి సెక్యూరిటీ అండి?" అన్నాను.

"పైవాళ్ళు మీ పేరు బిగించేవాళ్ళ జాబితాలోంచి తీసేసేరండి. నా చేతుల్లో లేదు," అని పెట్టేశారు.

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను ఏదో ఒకటి విప్పుతాను. షాపులో కంపెనీ ఇచ్చిన నమూనా పెట్టె ఒకటి ఉంది, దానికి నా ఫోను నమోదై ఉంది. దాన్ని బల్ల మీద పెట్టుకుని, ఆ పెట్టె మొదటిసారి బిగించేటప్పుడు మాకు నేర్పిన పద్ధతి గుర్తు తెచ్చుకున్నాను. పెట్టె నంబరుకి, అంటే అందులోని సిమ్ము నంబరుకి, ఒక రహస్య సంకేతం మెసేజి పంపితే అది మన మాట వింటుంది. రైతు ఫోను నమోదు చేశాక ఆ సంకేతం పనిచేయదని మాకు చెప్పారు. నేనూ ఎప్పుడూ పరీక్షించలేదు. ఆ రోజు నాన్నగారి ఫోను తీసుకుని పంపి చూశాను. పెట్టెలో టక్కుమని శబ్దం. ఇంకోసారి పంపాను. మళ్ళీ టక్.

ఆ సంకేతం అన్ని పెట్టెలకీ ఒకటే. బిగించే పని చేసిన ప్రతివాడికీ తెలుసు, మానేసిన వాళ్ళకి కూడా. పెట్టె నంబరేమో మూత మీద రోడ్డు మీదికి కనపడేంత పెద్దక్షరాల్లో రాసి ఉంటుంది. అంటే ఏ ఊళ్ళో కూర్చున్నవాడైనా, పిన్నిగారి చెరువులో ఏరేటర్లు ఆపేయగలడు. ముగ్గురు రైతులని అడిగి, వాళ్ళు పక్కన ఉండగా వాళ్ళ చెరువుల దగ్గర చూశాను. ముగ్గురివీ అంతే. డబ్బు కట్టలేదని సొంత మనిషిని గట్టు మీద నిలబెట్టిన ఆ పెట్టె, దారిన పోయేవాడికి మాత్రం తలుపు తీసి పెట్టింది.

కంపెనీకి వివరంగా ఈమెయిలు రాశాను. నాలుగు రోజులకి రెండు ముక్కల జవాబు వచ్చింది. అది సేవల సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటనీ, లోపం కాదనీ, ఇతరులకి చెబితే పాలసీ ఉల్లంఘన కింద చట్టపరమైన చర్య తీసుకుంటామనీ.

నిజం చెప్పాలంటే భయపడ్డాను. రెండు రోజులు సరిగ్గా తిండి సయించలేదు. కోర్టు గుమ్మం తొక్కిన వాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. కానీ ఆ రెండు రోజుల్లోనే నా ఆలోచన ఒకటి గట్టిపడింది. లోపాన్ని దాచిపెడితే భద్రత అవుతుందన్న మాట తప్పు. చెడ్డవాడు ఎలాగూ తెలుసుకుంటాడు. తెలియకుండా మిగిలిపోయేది ఎవరి సొమ్ము అక్కడుందో వాళ్ళొక్కరే. అలాగని ఆ సంకేతాన్ని నలుగురిలో చెప్పడమూ తప్పే. నీ తలుపు తీసి ఉందని ఇంటివాడికి చెప్పాలి. ఎలా తీయాలో ఊరందరికీ చెప్పనక్కర్లేదు.

"నాన్నగారూ, ఇలా చేద్దామనుకుంటున్నానండి," అని చెప్పాను.

ఆయన మొత్తం విన్నారు. "బిగించింది నువ్వు. చెప్పాల్సిందీ నువ్వే. పద, నేనూ వస్తాను," అన్నారు.

ఆ నెలంతా రోజూ పొద్దున్నే నాన్నగారిని వెనక కూర్చోబెట్టుకుని చెరువు చెరువుకీ తిరిగాను. ప్రతి రైతుకీ ఒకటే మాట చెప్పాను: ఈ పెట్టెని వేరేవాళ్ళు కూడా ఆపగలరండి, ఎలాగో అడక్కండి, కావాలంటే పక్కన చేతి స్విచ్చి పెడతాను. కొందరు నమ్మలేదు. జాబితాలోంచి తీసేసిన కక్షతో చెబుతున్నానన్నారు ఒకాయన, మొహం మీదే. "మరేనండి, మీకలా అనిపించొచ్చు," అని తరవాతి చెరువుకి పోయాను. చాలామంది పెట్టించుకున్నారు. ఆయనా వారం తరవాత స్విచ్చి పెట్టమని కబురు పంపారు.

ఈలోగా కంపెనీవాళ్ళు అమలాపురంలో ఫంక్షన్ హాలు తీసుకుని రైతులకి సభ పెట్టారు. కొత్త మోడలు పెట్టె, కొత్త పథకం, మధ్యాహ్నం భోజనం. నన్నెవరూ పిలవలేదు. పిన్నిగారికి పిలుపు వచ్చింది, తోడు రమ్మని నన్ను లాక్కెళ్ళారు. వేదిక మీద నీళ్ళ తొట్టి, అందులో ఒక ఏరేటరు, పక్కన స్టాండుకి కొత్త పెట్టె. దాని నంబరు మూత మీద ఎప్పట్లాగే పెద్దక్షరాల్లో ఉంది. మూడో వరసలోంచి చదివాను. సంకేతం మారి ఉంటుందనే అనుకున్నాను. మారి ఉండాలనే కోరుకున్నాను కూడా.

మేనేజరుగారు చక్కగా మాట్లాడారు. మోటారు వేయకుండానే కరెంటు కబురు, నీటి వేడి, అన్నీ చూపించారు. చివర్లో, "మీ చెరువు బ్యాంకు లాకరంత భద్రమండి. మీ ఫోను తప్ప ఇంకో ఫోను దీన్ని ముట్టుకోలేదు," అన్నారు.

పిన్నిగారు లేచారు. "నాకో సందేహమండి."

"చెప్పండమ్మా."

"నా దగ్గర ఈ బొత్తాల ఫోనుందండి. మీ పెట్టె నా మాట వింటదా?"

హాల్లో నవ్వులు. ఆయనా నవ్వి, "వినదమ్మా. నమోదైంది నా ఫోను ఒక్కటే," అన్నారు.

"ఓసారి చూద్దామాండి? మీకేం అభ్యంతరం లేదు కదండి?"

"నిక్షేపంగా చూడండమ్మా."

పిన్నిగారు ఫోను నా చేతికిచ్చారు. మెసేజి కొట్టాను. ఎవరికీ కనపడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి కొట్టి, ఫోను తిరిగి ఆవిడ చేతిలో పెట్టి, "ఈ బొత్తాం నొక్కండి పిన్నిగారూ," అన్నాను. ఆవిడ నొక్కారు. ఫోనుని మైకులా ఎత్తి పట్టుకుని వేదిక వైపు చూస్తూ నిలబడ్డారు.

ఒకటి, రెండు, మూడు. నాలుగు అనుకునేలోపు పెట్టె టక్కుమంది. తొట్టిలో ఏరేటరు గిర్రున తిరిగింది. చిన్న తొట్టి, మోటారేమో బలమైనది. నీళ్ళు ఎగిరి మేనేజరుగారి చొక్కా మీద, చేతిలో కాగితాల మీద, మొదటి వరసలో కూర్చున్న పెద్దల తెల్ల పంచెల మీద పడ్డాయి. ఆ తరవాత లేచిన కేకలు, ఈలలు, చప్పట్లు నేను బతికుండగా మరిచిపోను. నాకు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, అదే సమయంలో పగలబడి నవ్వొస్తోంది. పిన్నిగారు మాత్రం ఏమీ ఎరగనట్టు, "ఆపడానిక్కూడా నొక్కమంటారాండి?" అని అడిగారు.

మేనేజరుగారు తడి చొక్కాతోనే కిందికి దిగి నా దగ్గరికి వచ్చారు.

"మేడమ్, ఇది మాకు ముందే చెప్పేరా?"

"రాసేనండి. మీ ఆఫీసు జవాబు కూడా ఇచ్చింది." ఫోనులో ఆ జవాబు చూపించాను.

ఆయన అది రెండుసార్లు చదివారు. మెడ దగ్గర ఎర్రబడింది. తిరిగి వేదిక ఎక్కి మైకు అందుకున్నారు. "ఇది మా తప్పేనండి. ఈవిడ చెప్పినప్పుడే వినాల్సింది. నాకీ సంగతి ఇప్పుడే తెలిసింది, తెలీకపోవడం కూడా తప్పే," అన్నారు. అలా అనగలిగినందుకు ఆయన మీద నాకు పాత గౌరవం తిరిగొచ్చింది.

అక్కడికక్కడే ఒక కాగితం మీద రైతులందరి తరఫునా మూడు మాటలు రాశాను. ఎవరి పెట్టెకి వాళ్ళే పెట్టుకునే సంకేతం ఉండాలి. ఎవరూ దూరం నుంచి అడ్డుకోలేని చేతి స్విచ్చి ప్రతి పెట్టెకీ ఉండాలి. డబ్బు కట్టినా కట్టకపోయినా గట్టు మీదున్న మనిషి నొక్కితే మోటారు తిరగాలి. హాల్లో ఉన్నవాళ్ళంతా వరసగా సంతకాలు పెట్టారు.

"హెడ్డాఫీసు ఒప్పుకోవాలండి," అన్నారు మేనేజరుగారు.

"ఒప్పుకునేదాకా మేం పైసా కట్టమండి, ఆయ్," అన్నారు పిన్నిగారు. "ఇంక భోజనాలు పెట్టించండి బాబూ. మీరు కూడా ముందు చొక్కా మార్చుకోండి, జలుబు చేస్తది."

పనసపొట్టు కూర బాగా కుదిరింది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

హెడ్డాఫీసు నెలన్నర తీసుకుంది. మధ్యలో ఒకసారి వకీలు నోటీసు వస్తుందని పుకారు పుట్టింది గానీ, ఏమీ రాలేదు. చివరికి వచ్చింది కొత్త ప్రోగ్రాము. పెట్టె మొదటిసారి వెలగగానే రైతు చేత కొత్త సంకేతం పెట్టిస్తుంది, పాతది చచ్చిపోతుంది. గడువు దాటినా బొత్తాం పనిచేస్తుంది. సీలు మీద ఉన్న బెదిరింపు రాత తీసేశారు. పచ్చ బొత్తాం ఎర్ర బొత్తాం స్విచ్చి ఇంకా లేని ప్రతి పెట్టె పక్కనా అది కంపెనీ ఖర్చుతోనే పెట్టమన్నారు. ఆ పని నాకే అప్పగిస్తూ మేనేజరుగారు స్వయంగా వచ్చారు. అన్నీ బిగించాక ఒక రోజు పొద్దున్న చివరి చెరువు దగ్గర నాన్నగారు పచ్చ బొత్తాం తనే నొక్కుతానన్నారు. నొక్కి, చక్రాలు తిరుగుతుంటే, బడి పిల్లాడిలా నా వైపు చూసి నవ్వారు.

కంపెనీవాళ్ళు భయపడింది ఒకటి, జరిగింది ఇంకొకటి. గడువు దాటితే మోటారుకి పడే తాళం తీసేస్తే ఎవరూ డబ్బు కట్టరని వాళ్ళ భయం. పిన్నిగారు అందరికంటే ముందు కట్టారు. "కరెంటు పోతే ఫోను మోగుద్ది కదే. దానికిస్తన్నా. మెడ మీద కూర్చుంటే ఇవ్వను గానీ, పని చేస్తే ఎందుకివ్వను?" అన్నారు. మిగతావాళ్ళూ చాలామంది కట్టారు. వ్యాపార సూత్రాల గురించి ఎవరెన్ని చెప్పినా నాకు ఈ ఒక్క మాట చాలనిపిస్తుంది. ఆ పంటకి పిన్నిగారి రొయ్య నిండుగా ఎదిగింది. పట్టుబడి రోజున వలలు లాగుతున్న కూలీల మధ్య ఆవిడ చీర కుచ్చెళ్ళు దోపుకుని నిలబడి, పెద్దవి ఏరి మా ఇంటికి ఒక బుట్ట పంపించారు.

ఇప్పుడు మా షాపుకి మోటార్లతో పాటు ప్రశ్నలు కూడా వస్తున్నాయి. మొన్న సఖినేటిపల్లి నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఫోనుతో తెరుచుకునే గేటు తాళం కొనబోతున్నారట, ఎవరో నా సంగతి చెప్పారట. తాళం విప్పి చూపించమంటారేమో అనుకున్నాను. అడగాల్సినవేంటో చెప్పమన్నారు.

"రేపు ఆ కంపెనీ మూతపడితే మీ గేటు తెరుచుకుంటుందా అని అడగండి," అన్నాను. "ఫోను పోతే చేత్తో తీసే దారి ఏదని అడగండి. లోపం దొరికితే ఎవరికి రాయాలో, ఎన్నాళ్ళలో బాగుచేస్తారో అడగండి."

ఆయన అక్కణ్ణుంచే అమ్మేవాడికి ఫోను చేసి, మాకూ వినపడేలా పెట్టి, మూడూ అడిగారు. అవతలాయన తడబడ్డాడు. "ఇంతవరకూ ఎవరూ అలా అడగలేదండి," అన్నాడు.

ఆవిడ భర్త చేతిలోంచి ఫోను లాక్కుని, "మేం అడుగుతున్నాం కదండి. కనుక్కుని చెప్పండి, అప్పుడే కొంటాం," అంది. నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టి, వాళ్ళిద్దరికీ కొబ్బరి బొండాలు తెప్పించారు.